ఇంకా రాని కన్సోల్‌కు ఒక అర

వడ్రంగి హాల్లో నిలబడి టేపు లాగాడు. "సామాన్ ఏడుంది మేడం, సూపెట్టున్రి" అన్నాడు. ఇంకా రాలేదన్నాను. ఆర్డర్ పెట్టారా అని అడిగాడు. లేదన్నాను. అది ఇంకా అమ్మకానికే రాలేదనీ, తయారుచేసే కంపెనీ ఇంతవరకు దాని ముఖం కూడా ఎవరికీ చూపించలేదనీ ఉన్నమాట చెప్పేశాను. అతను టేపు వదిలేశాడు. అది చటుక్కున డబ్బీలోకి చుట్టుకుపోయింది.

"గట్లయితే కొలతలు ఎట్ల మేడం?"

కొలతలు నా దగ్గర ఉన్నాయి. ఊరూ పేరూ తెలియని ఎవడో ఇంటర్నెట్‌లో బొమ్మ గీసి, ఇంత పొడుగు, ఇంత వెడల్పు అని రాశాడు. నేను చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెబుతాను. జవాబు పక్కన యూనిట్ రాయకపోతే మార్కు కోసేసే మనిషిని. అలాంటిదాన్ని, ఆ కాకిలెక్కలు ఒక కాగితం మీదికి దించుకుని, వేడి పోవడానికి వెనక ఇంత, వైర్లకు పక్కన ఇంత అని కలుపుకుని అతని చేతిలో పెట్టాను. టీవీ కింద ఉన్న పాత బల్ల తీసేసి కొత్తది చేయాలి. అందులో మధ్య అర మాత్రం సరిగ్గా ఈ కొలతకే ఉండాలి.

అతను కాగితం వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టున్నది మేడం మీ ముచ్చట" అని నవ్వాడు. నవ్వుతూనే ఇల్లంతా ఒకసారి చూసి, సగంలో ఆపేశాడు. "ఏమనుకోకుండ్రి. మాటవరసకన్న."

నేనూ నవ్వాను. నలభై దాటిన, పెళ్ళికాని, ఎల్బీనగర్‌లో రెండు గదుల ఫ్లాట్‌లో ఒక్కతే ఉండే ఆడమనిషి ముందు ఆ సామెత అనకూడదని అతనికి కాస్త ఆలస్యంగా తట్టింది. పాపం, అతని తప్పేం లేదు. సామెత నాకు అతికినట్టు సరిపోయింది. అదే నొప్పి.

ఆ అర వీడియో గేమ్ కన్సోల్‌కు. టీవీకి తగిలించుకుని ఆడుకునే పెట్టె. ఆరేడేళ్ళకోసారి అందులో కొత్త తరం వస్తుంది. వస్తోందన్న పుకారు దానికి చాలా ముందే బయల్దేరుతుంది. ఇప్పుడు పుకార్ల కాలం నడుస్తోంది. నాకు దాని మీద ఇంత మోజేమిటని మా స్టాఫ్‌రూంలో వెనక నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోనీ. నా ఎదురుచూపు పెట్టె కోసం కాదు. అది వస్తే మా తమ్ముడు వస్తాడు. విప్పడానికి వస్తాడు, ఆడటానికి వస్తాడు, నా పక్కన కూర్చుంటాడు. అదీ నా గంపెడాశ.

మా ఇద్దరికీ చిన్నప్పటి నుంచి ఒక నియమం. ఇంటికి ఏ కొత్త గేమ్ పెట్టె వచ్చినా, ఒకరు లేకుండా ఇంకొకరు విప్పకూడదు. ఎవరు పెట్టారో గుర్తులేదు. నాన్న గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికని వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఇరుకు సందులో ఇల్లు అద్దెకు తీసుకున్నాక, కోఠి నుంచి ఒక నాసిరకం వీడియో గేమ్ తెచ్చాడు. ఆ రోజు తమ్ముడు ట్యూషన్‌లో ఉన్నాడు. వాడు వచ్చేదాకా నేను ఆ అట్టపెట్టె ముందు మఠం వేసుకుని కూర్చున్నాను. విప్పితే వాడు ఏడుస్తాడని భయం. వాడు వచ్చాక అమ్మ పెట్టెకు పసుపు రాసి బొట్టు పెట్టి, కూరగాయల కత్తితో టేపు కోసింది. ఆ తరవాత ప్రతి పెట్టెకూ అదే తంతు.

అమ్మ అంటే గుర్తొచ్చింది. కవరు కుట్టని వస్తువు ఇంట్లో ఉంటే ఆవిడకు నిద్ర పట్టదు. మిక్సీకి కవరు, టీవీకి కవరు, ఫ్రిజ్ హ్యాండిల్‌కు కవరు. టీవీ రిమోట్ పాలిథీన్‌లోనే పుట్టి పాలిథీన్‌లోనే పోయింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో దాచుకున్న జీతంతో మొదటిసారి అసలు సిసలు కన్సోల్ కొన్నాను. అమ్మ దానికి జాకెట్టు ముక్కతో కవరు కుట్టింది. చుట్టూ కుచ్చులు. డిస్క్ పెట్టుకునే చోట మాత్రం గుండీలు పెట్టిన చిన్న తలుపు. దుమ్ము పడుతుందని ఆడేటప్పుడు కూడా ఆ కవరు తియ్యనిచ్చేది కాదు. మేమూ తియ్యలేదు. ఎండాకాలం వచ్చేసరికి లోపలి ఫ్యాను ఆటో ఎత్తు ఎక్కుతున్నట్టు మూలిగేది. ఆట మంచి పట్టులో ఉండగా ఒక మధ్యాహ్నం టప్పున ఆరిపోయింది. రిపేరు షాపతను విప్పి చూసి, "ఏంది గిది, దుప్పటి కప్పి వండిన్రా?" అన్నాడు. అప్పటికి నేను రోజూ ఇంటర్ పిల్లలకు వేడి ఎటు నుంచి ఎటు పోతుందో పాఠం చెబుతున్నాను. అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "చలికాలంలో బాగానే ఉందిగా" అంది.

మధ్యలో తమ్ముడు కాలేజీ ఎగ్గొట్టి హాస్టళ్ళ మధ్య ఉండే గేమ్ పార్లర్లలో పడి ఉండేవాడు. వాణ్ణి చెవి పట్టుకుని లాక్కురమ్మని అమ్మ నన్ను పంపేది. చీకటి గది, అరడజను టీవీలు, చెమట వాసన, అందరూ మగపిల్లలు. నేను గుమ్మంలో నిలబడగానే అందరూ ఒక్కసారి సర్దుకుని కూర్చునేవారు. వాడు మాత్రం తల తిప్పకుండా, "అక్కా, ఒక్క రేస్. ఇదిగో, రెండోది పట్టుకో" అని ఖాళీగా ఉన్న కంట్రోలర్ నా చేతిలో పెట్టేవాడు. లాక్కురావడానికి వెళ్ళినదాన్ని వాడి పక్కనే కూర్చుండిపోయేదాన్ని. ఇద్దరం కలిసి ఇంటికొచ్చి తిట్లు తినేవాళ్ళం. నా జీవితంలో సుఖపడ్డ రోజులు ఏవి అని ఎవరైనా అడిగితే నేను అవే చెబుతాను. అడిగేవాళ్ళు లేరనుకోండి.

వాడికి పెళ్ళైంది, మియాపూర్ వెళ్ళిపోయాడు. నాన్న ముందే పోయాడు. అమ్మ నా దగ్గరే ఉండి, కరోనా తరవాత ఏడాదిలో తనూ పోయింది. మియాపూర్, ఎల్బీనగర్ ఒకే మెట్రో లైనుకు రెండు చివర్లు. ఆ చివర ఎక్కినవాడు కళ్ళు మూసుకుని కునుకు తీసినా ఈ చివర దిగుతాడు, రైలు కూడా మారక్కర్లేదు. అయినా రాలేడు. ఉద్యోగం, పాప స్కూలు, అత్తవారి ఫంక్షన్లు. నాకు కోపం వచ్చేది. ఒంటరివాళ్ళకు కోపం ఎక్కువగానే ఉంటుంది, చూపించడానికి మనిషి దొరకడు కాబట్టి క్లాసులో పిల్లలు బలయ్యేవారు. ఇప్పుడు ఇంట్లో ఉన్న కన్సోల్ వచ్చినప్పుడు పెట్టె చాలా రోజులు మంచం పక్కనే పడి ఉంది. ఈ ఆదివారం, వచ్చే ఆదివారం అంటూ వాడు వాయిదాలు వేశాడు. డెలివరీ అట్టపెట్టెను రోజూ దాటుకుని నడిచాను కానీ విప్పలేదు. చివరికి వచ్చాడు, విప్పాం, సాయంత్రం దాకా ఆడాం. ఆ తరవాత వాడు దాన్ని ముట్టుకున్నది చాలా తక్కువ. అది పాత బల్లలో పట్టక అప్పటి నుంచీ స్టూలు మీదే నిలబడి ఉండేది.

కొత్త తరం పుకార్లు మొదలయ్యాకే వాడి ఫోన్లు మళ్ళీ మొదలయ్యాయి. ఆదివారం నాకు పొద్దున పిల్లలకు వీక్లీ టెస్టు ఉంటుంది. మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం తినేసరికి ఫోన్ మోగేది. "అక్కా, విన్నావా?" అదే మొదటి మాట. మెమరీ చిప్పులన్నీ కృత్రిమ మేధ కంపెనీలే ఎత్తుకుపోతున్నాయట, అందుకని కన్సోల్ ఆలస్యమట. డిస్క్ పెట్టుకునే చోటే ఉండదట. చేత్తో పట్టుకుని తిరిగేది కూడా ఒకటి జంటగా తెస్తారట. కాంతి నీళ్ళ మీద పడి ఎలా తిరిగొస్తుందో చిప్పే ఎప్పటికప్పుడు లెక్క కట్టేస్తుందట.

"ఆ లెక్క నేను బోర్డు మీద రోజూ కడుతున్నాన్రా. నాకు చెబుతావా, తాతకు దగ్గులు నేర్పినట్టు" అనేదాన్ని. వాడు పడీపడీ నవ్వేవాడు.

నేను వాడికి తీసిపోకూడదని వారమంతా చదివేదాన్ని. పరీక్ష ముందు మా పిల్లలు చదివినట్టు, మెట్రోలో నిలబడి, స్టాఫ్‌రూంలో టీ తాగుతూ, చిప్పుల గురించీ ఫ్యాన్ల గురించీ ఎవడు ఏ చెత్త రాసినా చదివేదాన్ని. ఆదివారం వాడు ఒకటి చెబితే నేను రెండు చెప్పాలి. రెండు చెబితే సంభాషణ ఇంకాస్త సాగుతుంది. నిజానికి నాకు ఆట మీద ఆసక్తి ఎప్పుడో సన్నగిల్లింది. ఒక్కదాన్నే కూర్చుని ఆడితే గెలిచినా ఎవరికి చెప్పాలో తెలియదు. కన్సోల్ మీద దుమ్ము తుడవడం తప్ప దాన్ని ఆన్ చేసి చాలాకాలమైంది. ఈ సంగతి వాడికి చెప్పలేదు. చెబితే ఆదివారం ఫోన్ ఆగిపోతుందని నా భయం.

ఒక ఆదివారం మాటల్లో వాడు, "ఈసారైనా దానికి మంచి చోటు చేయించక్కా, స్టూలు మీద బిచ్చగాడిలా నిలబెట్టావు పాపం. లాంచ్ రోజు సెలవు పెట్టి వచ్చేస్తాను, కలిసి విప్పుదాం" అన్నాడు. ఆ వారమే నేను వడ్రంగిని పిలిచాను.

నల్గొండ వైపు నుంచి వచ్చి నాగోల్‌లో షాపు పెట్టుకున్న మనిషి అతను. పని చక్కగా చేశాడు. వెనక పలకకు గాలి ఆడటానికి వరసగా రంధ్రాలు పెట్టమంటే, "దీనికి మనిషి కన్న ఎక్కువ గాలి గావాలె గదా మేడం" అని విసుక్కుంటూనే పెట్టాడు. అరకు లోపల తెల్లటి పూత వేశాడు. బిగించి వెళ్ళేటప్పుడు, "అచ్చినంక ఒకపాలి ఫోన్ కొట్టున్రి, జర సూసిపోత" అన్నాడు. నాకు ఎంత సంతోషం వేసిందో. దాని కోసం ఎదురుచూసే మనిషి ఇంకొకరు దొరికారు. ఆ సాయంత్రం టీవీ పెట్టకుండా ఆ ఖాళీ అర వైపు చూస్తూ కాఫీ తాగాను.

నెల తిరక్కుండానే తమ్ముడు వచ్చాడు. నా కోసం కాదు. వనస్థలిపురంలో వాడి భార్య చెల్లెలి సీమంతం. భార్యనూ పాపనూ ఫంక్షన్ హాల్లో వదిలి, భోజనాల తరవాత కాసేపు నా దగ్గరకు వచ్చాడు. పట్టు చొక్కాలో చెమటలు కక్కుతూ ఫ్యాను కింద కూర్చున్నాడు. బొట్టు చెరిగి కనుబొమ్మ మీదికి వచ్చింది. పెద్దవాడైపోయాడు. చెవుల దగ్గర జుట్టు నెరిసింది. నేను కాఫీ కలిపి తెచ్చేసరికి కొత్త బల్ల ముందు వంగి చూస్తున్నాడు.

"బాగుందక్కా. ఇదేంటి, మధ్యలో ఇంత ఖాళీ వదిలేశావు? మైక్రోవేవ్ పెడతావా?"

"టీవీ కింద మైక్రోవేవ్ ఎవరు పెడతార్రా?"

వాడికి అప్పుడు వెలిగింది. ముందు నవ్వాడు. తరవాత నా ముఖం చూసి ఆపేశాడు. "కొత్తదానికా?"

"మంచి చోటు చేయించమన్నావుగా."

"నేనా? ఎప్పుడన్నాను?"

గుర్తులేదు వాడికి. వాడు దాచడం లేదు, నిజంగానే గుర్తులేదు. కాఫీ గ్లాసు చేతిలో తిప్పుతూ, "అక్కా, ఒకటి చెబితే ఏమీ అనుకోవుగా" అన్నాడు. అనుకోనన్నాను.

"నేను ఆట ఆడి ఏళ్ళైంది. నా వల్ల కావట్లేదు, కంట్రోలర్ పట్టుకుంటే నిద్రొస్తుంది. కొత్తది వచ్చినా నేను కొనను. అవన్నీ నీకోసం చదువుతున్నాను. ఆఫీసుకు వెళ్తూ రైల్లో చదువుకుని ఆదివారం నీకు చెబుతున్నాను. అమ్మ పోయాక నువ్వు ఏ మాటెత్తినా ఊఁ అని ఊరుకునేదానివి. దీని గురించైతే హుషారుగా మాట్లాడేదానివి. అందుకని." ఆగి, "కానీ ఇప్పుడు ఆఫీసులో కొత్త బాధ్యతలు పెట్టారక్కా. చదవడం కుదరట్లేదు. వచ్చినప్పుడు నువ్వు ఒకటి కొనుక్కో. విప్పేటప్పుడు వీడియో కాల్ చెయ్యి, చూస్తాను. నీకెంత ఇష్టమో నాకు తెలుసు" అన్నాడు.

అప్పుడే చెప్పాల్సింది. నాకూ ఇష్టం లేదురా, నేనూ నీకోసమే చదివాను అని ఒక్క ముక్క. చెప్పలేదు. ఇన్నాళ్ళూ వాడు మోసిన బరువు నేనే అని తెలిశాక సిగ్గేసింది. వాడి మీద ప్రేమ కూడా పొంగింది. "సరేలే, నేను చూసుకుంటాను" అన్నాను. వాడు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. ఫంక్షన్ హాల్ నుంచి ఫోన్ వస్తే చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. మెట్ల దాకా వెళ్ళి, వాడి కారు సందు మలుపు తిరిగేదాకా నిలబడ్డాను.

తరవాతి ఆదివారం ఫోన్ రాలేదు. ఆ తరవాతి ఆదివారమూ రాలేదు. ఎందుకొస్తుంది, ఇంక మాట్లాడటానికి విషయం లేదు కదా. మా ఇంట్లో ఊరికే ఫోన్ చేసే అలవాటు లేదు. ఫోన్ చేశామంటే ఒక పనైనా ఉండాలి, ఒక చావైనా ఉండాలి. నేను మాత్రం అలవాటు కొద్దీ చదువుతూనే ఉన్నాను. కొత్త చిప్పు గురించి ఏదో వార్త వస్తే, ఇది వాడికి చెప్పాలి అనుకుని, వెంటనే వాడికి అక్కర్లేదని గుర్తొచ్చి, చైతన్యపురి ప్లాట్‌ఫాం మీద ఒక రైలు వదిలేసుకున్నాను. మా క్లాసులో ఒక అమ్మాయి, "మేడం, మీకు ఒంట్లో బాగోలేదా?" అని అడిగింది. తలనొప్పి అన్నాను.

మళ్ళీ ఆదివారం వచ్చింది. అన్నం తిన్నాను, గిన్నె కడిగాను, ఫోన్ వైపు చూడకూడదని పేపర్లు దిద్దడానికి కూర్చున్నాను. మూడో పేపర్‌కే కళ్ళు మసకబారాయి. ఫోన్ తీసి నేనే చేశాను. రింగవుతున్నంతసేపూ పెట్టేద్దామనే అనుకున్నాను.

"ఏంటక్కా, ఏమైంది?" అన్నాడు కంగారుగా.

"ఏమీ కాలేదు."

"మరి? దాని గురించి ఏదైనా కొత్త కబురా?"

కబురు ఉంది. పొద్దున్నే చదివాను. చెబితే పది నిమిషాలు గడుస్తుంది, వాడు ఊఁ కొడతాడు, నేను ఇంకోటి చెబుతాను. నాలుక చివరిదాకా వచ్చింది.

"అది వచ్చినా రాకపోయినా నాకు ఒకటేరా" అన్నాను. "నువ్వు వస్తావని ఆ అర చేయించాను. నాకు ఒక్కదాన్నే ఉండటం కష్టంగా ఉంది."

ఫోన్‌లో వెనక టీవీ మోగుతోంది. తరవాత తలుపు జరిపిన శబ్దం, బాల్కనీలోకి వచ్చినట్టున్నాడు, కింద ట్రాఫిక్ వినిపించింది. "చెప్పక్కా" అన్నాడు.

"ఏం చెప్పను?"

"ఏదో ఒకటి. ఏం వండుకున్నావు?"

"దొండకాయ వేపుడు. నిన్నటిది."

"ఫ్రిజ్‌లోదా?"

"ఊఁ."

చిప్పుల గురించి గంటలు మాట్లాడినవాళ్ళం, దొండకాయ దగ్గర ఆగిపోయాం. ఇంతలో లోపలి నుంచి పాప పిలిచింది, లెక్కేదో రావట్లేదని. "ఒక్క నిమిషం అక్కా. పెట్టెయ్యకు, లైన్లో ఉండు" అన్నాడు. ఫోన్ ఎక్కడో పెట్టిన చప్పుడైంది.

ఉన్నాను. కుక్కర్ కూత వినిపించింది. వాడు పాపకు భిన్నాలు చెబుతున్నాడు, కింద ఉన్న అంకె ముందు చూడు అంటున్నాడు. మరదలు ఏదో అడిగింది, వాడు నవ్వాడు. ఎవరో బీరువా తీశారు. వాడు ఫోన్ సంగతి మరిచిపోయాడని నాకు అర్థమైంది. అయినా నేను పెట్టలేదు. వింటూ కూర్చున్నాను.